మంత్రసాని చిట్టా

ముప్పయ్యేళ్ళు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, శాసనాలు అన్న భావమే నాకూ ఉండేది. దానిని సడలించినది ఒక అమెరికా మంత్రసాని దినచర్య.

ఆమె పేరు మార్తా బల్లార్డ్. నేటి మేయిన్ రాష్ట్రంలో, కెన్నెబెక్ నదీతీరాన హాలోవెల్‌లో కాపురం. 1769లో గొంతు జబ్బుకు ముగ్గురు కూతుళ్ళను పోగొట్టుకున్న తల్లి. సుమారు యాభయ్యేళ్ళ వయసులో, 1785లో వ్రాయనారంభించి, 1812లో మరణించేవరకు మానలేదు. 816 కాన్పులు అందులో నమోదయ్యాయి. ఎవరింట పురుడు పోసినదీ, ఎంత ముట్టినదీ, ఏటి మీద మంచు ఎప్పుడు కరిగినదీ, కూతుళ్ళు మగ్గం మీద ఏమి నేసినదీ, అన్నీ పొడి మాటలలోనే.

పూర్వపు చరిత్రకారులు దీనిని ఇంటిపనుల చిట్టాగా తలచి పక్కన పెట్టారు. లారెల్ థాచర్ ఉల్రిచ్ అనే విదుషీమణి ఆ చిట్టానే ఏళ్ళ తరబడి చదివి, 1990లో గ్రంథం ప్రకటించారు. మరుసటి ఏడు దానికి పులిట్జర్ బహుమతి లభించింది. ఊరి పత్రాలలో కనబడేవి ప్రధానంగా మగవారి లావాదేవీలు. ఆడవారి రాబడి, ఇచ్చిపుచ్చుకోళ్ళు, వైద్యం ఈ పొడి మాటలలో నుండే బయటపడ్డాయి. పనికిరాదనుకొన్న నిత్యకృత్యమే ఆమెకు ఆధారమైంది.

మా అమ్మ పాలలెక్కలు, పురుళ్ళు, పెట్టుపోతలు వ్రాసుకొన్న పుస్తకమొకటి ఉండేది. ఇల్లు మారినప్పుడు చిత్తుకాగితాలతోపాటు దానిని అమ్మివేసినది నేనే. పద్యాల వ్రాతప్రతులను మాత్రం భద్రంగా దాచుకొన్నాను!

మిత్రులారా, మీ ఇంట అటువంటి పుస్తకమేదైనా ఉంటే, పారవేసేముందు ఒక్కమారు విప్పి చూడండి.