రెప్పపాటు మెనూ

నిమిషం అంటే అసలర్థం రెప్పపాటు. సంస్కృతంలో నిమేషమన్నా, నిమిషమన్నా కనురెప్ప వాల్చి ఎత్తేంత సేపే. ఆ మాట మన భాషలోకి వచ్చాక హాయిగా కాళ్ళు బారజాపుకుని అరవై సెకన్లయి కూర్చుంది. ఇక ఆఫీసుల్లో బల్ల కవతలి నుంచి వినిపించే "ఒక్క నిమిషం" ఎంత పొడుగో మీకు వేరే చెప్పనక్కరలేదు.

విచిత్రమేమంటే కంప్యూటరు దగ్గర కూర్చున్న మనిషి మాత్రం మళ్ళీ ఆ పాత నిమిషాన్నే అడుగుతాడు. మౌసు నొక్కాడంటే రెప్పపాటులో మెనూ విచ్చుకోవాలి. రెండు రెప్పపాట్లయిందా, మళ్ళీ నొక్కుతాడు. మూడయితే విసుక్కుంటాడు. ఈ నొక్కుడుకీ, ఆ విచ్చుకోవడానికీ మధ్య ఉన్న సందుకి కూడా ఒక చరిత్ర ఉంది. రాజులూ యుద్ధాలూ లేని చరిత్ర కాబట్టి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కలేదు గాని, రోజూ మన వేలి కింద జరుగుతున్న చరిత్ర.

మౌసు 1964లో పుట్టింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించగా, బిల్ ఇంగ్లిష్ అనే ఇంజనీరు తయారు చేశాడు. చిన్న చెక్క డబ్బా, అడుగున రెండు చక్రాలు, పైన ఒక్క మీట. వెనక నుంచి తీగ వేళ్ళాడుతుంటే తోకలా ఉందని ఎలుక అన్నారు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద కంప్యూటరు సభలో ఎంగెల్‌బార్ట్ తొంభై నిమిషాల పాటు ఆ ఎలుకను ఆడించి చూపాడు. ఆ రోజుల్లో మన హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. స్థాపించి ఏడాది దాటింది, 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరు ఆ సంస్థ నుంచి వెలువడింది. దానికి ఎలుకా లేదు, తోకా లేదు. టైపు కొట్టడం, కాగితపు పట్టీకి చిల్లులు పొడవడం, అంతే సంగతులు.

ఎలుక ఊరేగిన ఆ సభలోనే మరో వ్యాసం చదివారు. దాన్ని ఎవరూ ఊరేగించలేదు. ఐ.బి.ఎం. కంపెనీకి చెందిన రాబర్ట్ మిల్లర్ అనే ఆయన రాశాడు. విషయం: మనిషి ఏదైనా అడిగితే యంత్రం ఎంతసేపట్లో బదులు పలకాలి? ఆయన రకరకాల సందర్భాలు తీసుకుని ఒక్కోదానికీ లెక్క చెప్పాడు. మీట నొక్కితే "విన్నాను" అన్న గుర్తు సెకనులో పదో వంతు లోపల కనబడాలి. మామూలు ప్రశ్నకు రెండు సెకన్లు చాలు. పదిహేను సెకన్లు దాటితే మాత్రం అది సంభాషణ కాదు, ఆ మనిషి లేచి వేరే పని చూసుకుంటాడు. మనుషుల మధ్యయినా అంతే కదండీ. పిలిస్తే "ఆఁ" అనడానికి ఒక వేళ, ఆలోచించి జవాబు చెప్పడానికి ఒక వేళ. "ఆఁ" కూడా అనని వాడితో ఎంతసేపు మాట్లాడతాం?

మెనూ వచ్చిన దారి వేరు. అంతకు ముందు కంప్యూటరుతో పని చేయించాలంటే దాని ఆజ్ఞలన్నీ కంఠస్థం పట్టాలి. వంటవాడికి ఏం వచ్చో ముందే తెలిసిన వాళ్ళే హోటల్లో తినగలరన్న మాట! అమెరికాలో జిరాక్సు కంపెనీ పరిశోధనాలయం వారు 1973లో ఆల్టో అనే కంప్యూటరు చేసి, ఆ తరవాత దాని తెర మీద, నొక్కిన చోట పుట్టుకొచ్చే జాబితాలు పెట్టారు. ఇడ్లీ, వడ, ఉప్మా బోర్డు గోడకెక్కింది. 1983లో ఆపిల్ వారి లీసా, 1984 జనవరిలో మేకింతోష్ వచ్చి ఆ బోర్డును సామాన్యుడి బల్ల మీదికి దించాయి. లీసా ధర పదివేల డాలర్లకు అయిదు తక్కువ. సామాన్యుడంటే ఎవరో మీరే ఊహించుకోండి.

ఇక్కడొక కీలకం ఉంది. మిల్లర్ నాటికి కంప్యూటరు కాలం బంగారం, మనిషి కాలం మట్టి. యంత్రం అద్దె గంటల లెక్కన ఉండేది, కాబట్టి మనిషి రెండు సెకన్లు ఆగితే ఏం పోయిందనుకున్నారు. పైగా ఆ కాస్త సేపూ అతను తరవాతి అడుగు ఆలోచించుకుంటాడని సమర్థన కూడా చెప్పుకున్నారు. 1982లో అదే ఐ.బి.ఎం.లో వాల్టర్ డోహర్టీ, అర్విన్ద్ తడానీ అనే ఇద్దరు ఈ సమర్థనను పడగొట్టారు. బదులు వచ్చే కాలం సెకను కన్నా తగ్గితే మనిషి పని ఎంతో చురుకుతో సాగుతోందనీ, ఆగినప్పుడల్లా మనిషి ఆలోచించడం లేదు సరికదా, ఆలోచిస్తున్నది మరిచిపోతున్నాడనీ తేల్చారు. ఆగడం ఖర్చే, ఆ ఖర్చు మనిషి ఖాతాలో పడుతోందని అణాపైసలతో చెప్పారు.

తమాషా చూడండి. 1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్ 95లో నాలుగు వందల మిల్లీ సెకన్ల జాగు కనబడుతుంది, కాని తిరగేసి. ఒక మెనూలోంచి పక్కకు ఇంకో మెనూ విచ్చుకునే ముందు కావాలనే అంతసేపు ఆపుతారు. ఎందుకంటే బాణం గుర్తును ఏటవాలుగా జరిపేటప్పుడు అది దారిలో పక్క వరసలను తాకుతుంది. తాకిన ప్రతిదీ తలుపు తెరిస్తే మనం వెళ్ళాల్సిన ఇల్లు మూసుకుపోతుంది. అందుకని ఆ జాగు. దీన్ని తగ్గించుకునే వీలు లోపలి చిట్టాలో మెనూషోడిలే అన్న పేరుతో ఉంది. కొందరు ఉత్సాహవంతులు సున్నా చేసేస్తారు. అప్పుడు మెనూలు పాలు పొంగినట్టు ముఖం మీదికి వస్తాయి. నూరు, రెండు నూర్లు పెట్టుకుంటే హాయి. మార్చే ముందు పాత అంకె కాగితం మీద రాసుకోవడం మరిచిపోకూడదు సుమా!

ఇంత చరిత్రా సిద్దిపేటలో ఒక చిన్న నెట్ సెంటర్లో నా కళ్ళ ముందు పరీక్షకు నిలిచింది. సిద్దిపేట 2016 అక్టోబరు 11న జిల్లా అయింది. అంతకు ముందు కలెక్టరు కచేరీ పని పడితే సంగారెడ్డి దాకా పోవాల్సి వచ్చేది. ఇప్పుడు దూరం తగ్గింది, వరసలు మాత్రం దరఖాస్తులు నింపే బల్లల ముందుకు మారాయి. కాలేజీ అడ్మిషన్ల రోజులు. ఆ బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి స్కాన్ చేసిన కాగితం మీద మౌసు కుడి మీట నొక్కుతుంది, తెర గుడ్లప్పగించి చూస్తుంది, పన్నెండు సెకన్లకు మెనూ వస్తుంది. ఒక్కో దరఖాస్తుకు అలా ఏడు సార్లు.

"ఇంకెంతసేపు బిడ్డా? మా బస్సు పోతది," అన్నాడు పక్కన కూతురి మెమోలు పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి.

"ఐపోతది కాకా, జర ఆగు. నేను కాదు, గిదే గుంజుతున్నది."

ఆయన నమ్మినట్టు లేదు. బల్ల కిటు నిలబడ్డవాడికి మౌసు కనబడదు, అమ్మాయే కనబడుతుంది. నేను మనసులో లెక్క కట్టాను: ఏడు పన్నెండ్లు ఎనభై నాలుగు సెకన్లు, రోజుకు అరవై మంది వస్తే ఎనభై నాలుగు నిమిషాలు. ఇవి అరవై సెకన్ల నిమిషాలే. అంతమేరకు ఆ అమ్మాయి ప్రతి సాయంత్రం ఆలస్యంగా ఇంటికి పోతోంది, మాటలు కూడా పడుతోంది.

మెకానిక్కు వచ్చి ముసలిదయింది, కొత్తది కొనమన్నాడట. యజమాని నెలాఖరు దాకా చూద్దామన్నాడు. అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. వేరే మౌసు తగిలించింది, అదే తంతు. ఒక మధ్యాహ్నం నెట్టు తీగ ఊడిపోయింది. అప్పుడు కుడి మీట నొక్కితే మెనూ టక్కున వచ్చింది! ఇంకెవరైనా అయితే నెట్టు బాగాలేదని తిట్టి ఊరుకునేవారు. ఆమెకు వేరే ప్రశ్న తోచింది. "కాగితం మన దాంట్లనే ఉన్నది గద సార్, దానికి నెట్టుతోని ఏం పని?"

మంచి ప్రశ్న. కుడి మీట నొక్కగానే కంప్యూటరు తనొక్కతే మెనూ రాయదు. ఫైళ్ళు కుదించే సాఫ్ట్‌వేరు, వైరసు పట్టేది, పాటలు పాడేది, ఒక్కోటీ ఎక్కించిన రోజున "నా పేరూ వెయ్యండి" అని ఆ జాబితాలో చేరి ఉంటాయి. అందరినీ పలకరించి, అందరూ పలికాక గాని వడ్డన మొదలవదు. "పంపించు" అన్న వరసలో, ఎప్పుడో పక్క గదిలో ఉండి అమ్మేసిన ఒక కంప్యూటరు చిరునామా మిగిలిపోయింది. నొక్కినప్పుడల్లా పాపం ఈ కంప్యూటరు లేని మనిషికి కబురంపి, జవాబు కోసం గుమ్మంలో కూర్చుంటోంది. తీగ ఊడినప్పుడు కబురంపే దారే లేదు గనుక వెంటనే పని చూసుకుంది. ఆ చిరునామా తీసేశారు, అక్కరలేని పేర్లు రెండు మూడు తొలగించారు. పన్నెండు సెకన్లు ఒక సెకనులోపు దిగింది. ఖర్చు సున్న.

అన్ని జబ్బులకూ ఇదే మందు కాదు. మెమరీ చాలక డిస్కు కరకరలాడుతుంటే మెమరీ వేయించాల్సిందే, తిరిగే డిస్కు స్థానంలో ఎస్.ఎస్.డి. పెడితే ముసలి యంత్రమూ పడుచుదవుతుంది. మౌసు లోపలి బుల్లి స్విచ్చి అరిగిపోతే ఒక నొక్కుడు రెండవుతుంది, తెరిచిన మెనూ వెంటనే మూసుకుంటుంది. ఇంకొకటి: రాలేదు కదా అని మళ్ళీ మళ్ళీ నొక్కకూడదు. ఆ నొక్కుళ్ళు మాయమవవు, రేషన్ షాపు ముందు సంచుల్లా వరసలో ఉంటాయి. యంత్రానికి తీరిక దొరకగానే అన్నీ ఒక్కసారి అమలవుతాయి.

మెనూలో ఈ చుట్టాల రద్దీ సిద్దిపేటకే పరిమితం కాదు. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11లో కుడి మీట మెనూను కుదించి, పాత పేర్లన్నీ "ఇంకా చూపించు" అన్న ఒక వరస వెనక దాచిపెట్టారు. ఆ సంగతి చెబితే అమ్మాయి మౌసు మీద చెయ్యి తియ్యకుండానే అడిగింది:

"అంటే సార్, ఇగ మనం రెండుసార్లు నొక్కాల్నా?"