షేర్ల నష్టము – ఆదాయపు పన్ను : ఒక చారిత్రక పరిశీలనము

నాందేడు జిల్లాలోని ముద్ఖేడ్ ఒక రైల్వే జంక్షను. ఇచ్చటినుండి ఒక దారి ఉమ్రి, ధర్మాబాదు, బాసరల మీదుగా నిజామాబాదునకును, వేరొక దారి భోకర్, కిన్వట్‌ల మీదుగా ఆదిలాబాదునకును పోవుచున్నవి. 1956 నవంబరు 1వ తేదీవరకు ఈ ఊరును, ఆ రెండు పట్టణములును ఒకే హైదరాబాదు రాష్ట్రములోనివి. అటుపిమ్మట ముద్ఖేడ్ బొంబాయి రాష్ట్రమునను, 1960 మే 1 నుండి మహారాష్ట్రమునను చేరినది. రాష్ట్రములు మారినను ఇచ్చటి తెలుగువారి వియ్యములు, కొనుగోళ్లు, కూడబెట్టిన సొమ్ము హైదరాబాదు వైపునకే మొగ్గియుండుట సహజము. కావుననే ఆ నగరమున నొక పెద్ద కంపెనీ కూలినపుడు ఆ దెబ్బ ఇచ్చటి కొన్ని యిండ్లకును తగిలినది. అట్టి నష్టమును పన్ను చట్టము ఏ రీతిగా చూచినది, ఆ చూపునకు గల పూర్వచరిత్ర యేమి యనునది ఈ వ్యాసమున విచారింపబడుచున్నది.

ప్రశ్న మిక్కిలి సులభమైనది. ఒకడు షేరు కొని లాభమున కమ్మినచో సర్కారు అందు భాగమును పుచ్చుకొనుచున్నది. అతడే నష్టమున కమ్మినచో ఆ నష్టములో సర్కారు పాలు పంచుకొనునా? పంచుకొనును, కాని ఎవరి నష్టములో, ఎంతవరకు అనునది ఎప్పటికప్పుడు మారుచు వచ్చినది.

నిజాము రాజ్యమున భూమిశిస్తు, ఆబ్కారీ, కరోడ్‌గిరీ మన పెద్దలకు బాగుగా తెలిసిన మాటలు. ఆదాయపు పన్ను మాత్రము అచ్చట చాల ఆలస్యముగా వచ్చినది. 1357 ఫసలీ నాటి హైదరాబాదు ఆదాయపు పన్ను చట్టము రెండేండ్లు దాటునంతలోనే రద్దయి, 1950 ఏప్రిల్ 1 నుండి భారతదేశపు 1922వ సంవత్సరపు చట్టము దాని స్థానమున వచ్చినది. షేర్లు మాత్రము అంతకు పూర్వమే ఈ ప్రాంతము వారికి పరిచితములు. నాందేడున ఉస్మాన్‌షాహీ మిల్లు, ఓరుగల్లున ఆజంజాహీ మిల్లు నడచుచుండినవి. హైదరాబాదు స్టాకు ఎక్స్‌చేంజి 1943లోనే ఏర్పడినది.

బ్రిటిషు ఇండియాలో మూలధన లాభముపై పన్నును మొదట ప్రతిపాదించినవాడు తాత్కాలిక ప్రభుత్వమున ఆర్థిక శాఖను వహించిన లియాఖత్ అలీఖాన్. అది 1947 ఫిబ్రవరి బడ్జెటు. 1946 మార్చి 31 తరువాత కలిగిన లాభములకు ఆ పన్ను వర్తించినది. వర్తకులు మిక్కిలి అలజడి చేసిరి. 1948 మార్చి 31 తరువాతి లాభములకు దానిని లేకుండ చేసిరి. అనగా ముద్ఖేడ్‌కు భారత చట్టము వచ్చునాటికి ఆ పన్ను కాగితముమీద మాత్రమే యున్నది. ఆంగ్ల ఆర్థికవేత్త నికొలస్ కాల్డరు నివేదిక ననుసరించి టి.టి. కృష్ణమాచారి దానిని 1956లో మరల తెచ్చెను. మన ఊరు హైదరాబాదును విడిచినదియు ఆ యేడే. ఆ మొదటి చట్టమునందే నష్టమునకొక కంచె వేయబడినది: మూలధన నష్టమును మూలధన లాభముతో మాత్రమే సర్దుకొనవలెను గాని, వర్తకపు ఆదాయముతో కాదు.

కాలభేదము 1962లో వచ్చినది. పన్నెండు నెలలకు మించకుండ ఉంచుకొని అమ్మిన ఆస్తి స్వల్పకాలికము, తక్కినది దీర్ఘకాలికము. ఈ గడువు తరువాత పలుమార్లు మారినది. కొని వెంటనే అమ్మువాడు జూదరి వంటివాడనియు, ఓపికపట్టినవాడు పెట్టుబడిదారుడనియు చట్టకర్తల తలంపు. అందుచే రెండవవానికి పన్ను తేలిక చేసిరి. ఈ తలంపే నష్టము విషయమున తలక్రిందులైనది. 2002వ సంవత్సరపు ఫైనాన్సు చట్టము దీర్ఘకాలిక నష్టమును దీర్ఘకాలిక లాభముతో మాత్రమే సర్దుకొనవలెనని శాసించినది. స్వల్పకాలిక నష్టమునకు ఆ నిర్బంధము లేదు. దానిని రెండు విధములైన లాభములతోను సర్దుకొనవచ్చును. మా విద్యార్థులకు చెప్పవలసి వచ్చినచో జంక్షనును చూపింతును: ఒక బండికి రెండు దారులును తెరచియున్నవి, రెండవదానికి ఒక్కటే దారి. మిగిలిన నష్టమును ఎనిమిది కరనిర్ధారణ సంవత్సరముల వరకు ముందునకు తీసికొనిపోవచ్చును. జీతముతో మాత్రము ఏ నష్టమునకును సర్దుబాటు లేదు.

ఇక 2004వ సంవత్సరమునకు వత్తము. ఆ యేట అక్టోబరు 1 నుండి స్టాకు ఎక్స్‌చేంజిలో లావాదేవీ పన్ను చెల్లించి అమ్మిన షేర్లపై దీర్ఘకాలిక లాభము పూర్తిగా పన్నులేనిదైనది. అందరును సంతోషించిరి. కాని పన్నులేని ఆదాయమునకు నష్టమును లేదని ఆదాయపు పన్ను శాఖ వాదము. లాభము లెక్కకు రానిచోట నష్టమెట్లు వచ్చును? తర్కము చక్కనిదే. ఆ తర్కపు ఫలము 2009లో కనబడినది.

సత్యం కంప్యూటర్స్ 1987లో హైదరాబాదున పుట్టినది. తెలుగు మధ్యతరగతివారికి అది కేవలము ఒక కంపెనీ కాదు, మనవారు సాధించినదను గర్వము. 2009 జనవరి 7న అధిపతి బి. రామలింగరాజు లెక్కలు బూటకమని తానే లేఖ వ్రాసెను. లేని నగదు 5,040 కోట్ల రూపాయలని చెప్పెను. ముందునాడు రూ. 178.95 ఉన్న షేరు ఆ సాయంకాలమునకు రూ. 39.95కు దిగినది. మరునాడు సెలవు; 9వ తేదీన రూ. 24 చుట్టును ముగిసినది.

ఇద్దరు అన్నదమ్ములను ఊహింపుడు. అన్న 2006లో కొనెను, తమ్ముడు 2008 మే నెలలో కొనెను. ఇద్దరును 2009 జనవరి 9న అమ్మిరి. తమ్ముని నష్టము స్వల్పకాలికము. రేపు ఇంటి స్థలము అమ్మి లాభము పొందినచో దానినుండి తీసివేసికొనవచ్చును. అన్న నష్టము దీర్ఘకాలికము, మినహాయింపు పొందిన షేర్లది. శాఖ లెక్కలో అది లేనేలేదు. ఓపికతో నమ్మియుండుమని మనము పిల్లలకు చెప్పుదుము. ఆ నమ్మిక గలవానికే చట్టము ఈ చోట రిక్తహస్తము చూపినది. ఎక్స్‌చేంజికి వెలుపల అమ్మినచో ఆ నష్టము చెల్లుచుండెను. తెలిసినవారు అట్లే చేసికొనిరి. తెలియనివారు మనవంటివారు. శాఖ వాదమును అందరును అంగీకరింపలేదు. 2015లో రాప్తకోస్ బ్రెట్ వ్యాజ్యమున ముంబయి ట్రిబ్యునలు, మూలమంతయు మినహాయింపబడలేదు గనుక అట్టి నష్టమును భూమి అమ్మిన లాభముతో సర్దవచ్చునని తీర్పు చెప్పినది. ముద్ఖేడ్‌లో నూరు షేర్లు గలవాడు ట్రిబ్యునలు మెట్లెక్కునా!

స్వవిషయము నొకటి చెప్పుటకు పాఠకులు క్షమింతురు గాక. నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో, 2008 వేసవిలో, పండ్రెండువేల రూపాయలు పెట్టి ఇరువదియైదు సత్యం షేర్లు కొని, జనవరిలో ఆరువందల చిల్లరకు అమ్మితిని. నాది తమ్ముని వర్గమే. కాని నా జీతము ఆనాటి లక్షయేబదివేల పరిమితికి లోబడియున్నందున రిటర్ను దాఖలు చేయలేదు. గడువులోపల రిటర్ను దాఖలు చేయనిదే నష్టము ముందు సంవత్సరములకు రాదని నాకు తెలియదు. నాలుగేండ్లకు పిత్రార్జితమైన ఇంటి స్థలములో నా పాలు అమ్మినపుడు సర్దుకొనుటకు కాగితమే లేకపోయినది. పోయిన పన్ను రెండువేలకు పైన. పెద్ద మొత్తము కాదు. తెలుగులోనో మరాఠీలోనో ఒక్క వాక్యము చదివియున్నచో పోయెడిది కాదు గదా యనునదే బాధ.

అమెరికాలోని మనవారి స్థితి వేరు. సత్యం పత్రములు 2001 నుండి న్యూయార్కు ఎక్స్‌చేంజిలోను అమ్ముడగుచుండెను. అచ్చటి కొనుగోలుదారుల సామూహిక వ్యాజ్యము 2011లో రాజీపడి, కంపెనీ 12.5 కోట్ల డాలర్లు, ఆడిటర్లు 2.55 కోట్ల డాలర్లు ఇచ్చుటకు ఒప్పుకొనిరి. అదియుగాక అచ్చటి చట్టము, లాభములతో సర్దగా మిగిలిన మూలధన నష్టములో ఏటికి 3,000 డాలర్ల వరకు జీతమునుండి సయితము తీసివేయనిచ్చును. శేషమునకు సంవత్సరముల పరిమితి లేదు. నష్టపోయిన సామాన్యుడు అచ్చట తన వేతనమునుండియే కొంత ఊరట పొందును. ఇచ్చట మరియొక లాభము కలిగినవానికే ఊరట. నాకు ఇది న్యాయముగ తోచదు. ఏటికి పదివేల రూపాయలైనను జీతముతో సర్దనిచ్చినచో ఖజానాకు వచ్చు లోటు స్వల్పము.

అన్నకు జరిగిన అన్యాయము 2018 ఏప్రిల్ 1 నుండి ఆగినది. ఆనాటినుండి షేర్ల దీర్ఘకాలిక లాభమునకు మరల పన్ను వచ్చినది; లాభముపై పన్ను వచ్చినందున నష్టమునకును ప్రాణము వచ్చినది. అంతకు పూర్వము అమ్మినవారి నష్టము మాత్రము చెల్లదని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఆ ఫిబ్రవరిలోనే వివరించినది. 2024 జులైలో స్వల్పకాలిక లాభమునకు నూటికి 20, లక్షయిరువదియైదువేలకు మించిన దీర్ఘకాలిక లాభమునకు నూటికి 12.5గా పన్ను నిర్ణయింపబడినది. 1961 నాటి చట్టమునకు బదులుగా 2025లో చేసిన క్రొత్త చట్టమునకు 2026 ఏప్రిల్ 1 అమలు తేదీ. అందు కరనిర్ధారణ సంవత్సరమను మాట పోయి పన్ను సంవత్సరమను మాట వచ్చినను, ఎనిమిదేండ్ల నియమము నిలిచియున్నది.

2009లో అమ్మక ఊరకున్నవారును కలరు. 2013లో సత్యం టెక్ మహీంద్రలో కలిసినపుడు 17 షేర్లకు 2 చొప్పున వారికి క్రొత్తవి వచ్చినవి. విలీనము చట్టదృష్టిలో అమ్మకము కాదు. నాడు రూ. 480 చొప్పున 17 షేర్లు కొన్నవానికి ఆ 2 షేర్ల కొనుగోలు ధర రూ. 8,160గానే లెక్కకు వచ్చును. దానిని అమ్మువరకు లాభమును లేదు, నష్టమును లేదు.