దారి తీసి వెనుకబడిన విమానము

ఆధునిక ప్రయాణికుల విమానములకు ఆద్యమని అమెరికా దేశపు బోయింగ్ 247ను పేర్కొందురు. 1933 ఫిబ్రవరి 8వ తేదీన అది తొలిసారి ఎగిరెను. పూర్తిగా లోహనిర్మితము, చక్రములు లోనికి ముడుచుకొనెడివి, రెండు ఇంజనులలో ఒకటి ఆగినను రెండవదానితో ఎగురగలదు. 10 మంది ప్రయాణికులు కూర్చుండవచ్చును.

1931లో కొయ్య రెక్క విరిగి తమ విమానమొకటి కూలినందున, టి.డబ్ల్యు.ఏ. కంపెనీవారు ఈ కొత్త విమానమును కోరిరి. బోయింగ్ సంస్థయో, మొదటి 60 విమానములను తన సోదర సంస్థయైన యునైటెడ్‌కే కేటాయించెను. వేచియుండలేక టి.డబ్ల్యు.ఏ. వారు 1932లో డగ్లస్ సంస్థను ఆశ్రయించిరి. ఆ యత్నము నుండియే డి.సి.-1, డి.సి.-2, తుదకు 1935 డిసెంబరు 17న 21 మంది కూర్చుండదగిన డి.సి.-3 వెలువడెను.

బోయింగ్ 247లు 75తో నిలిచిపోయినవి. డి.సి.-3లు, వాటి సైనిక రూపములు కలిసి పదివేలకు పైగా తయారైనవి. యుద్ధానంతరము దక్కన్ ఎయిర్‌వేస్ వారు హైదరాబాదు బేగంపేట నుండి నడిపిన డకోటాలు ఆ వంశమునకు చెందినవే.