సాంఘికమితి: తరగతిగదిలో సోషియోమెట్రీ

తరగతిగదియందలి బాలబాలికల పరస్పరానురాగ విముఖతలను కొలిచి పటరూపమున చూపు ఈ పద్ధతికి మూలపురుషుడు, బుఖారెస్టున 1889లో జన్మించి, వియన్నాలో వైద్యవిద్య నభ్యసించి, 1925లో అమెరికాకు వలసపోయిన జేకబ్ మొరీనో. న్యూయార్కు పాఠశాలలో పిల్లల నడిగించిన ప్రశ్న మిక్కిలి సరళమైనది: నీ ప్రక్కన ఎవరు కూర్చుండవలెనని కోరెదవు? మొదట అత్యంత ప్రియమైనవారి పేరును, పిదప రెండవవారి పేరును వ్రాయుము. ఆ చీటీలనుబట్టి బాలురకు త్రిభుజములను, బాలికలకు వృత్తములను వేసి, కోరినవారినుండి కోరబడినవారికి గీతలు లాగినచో, కొన్ని గుర్తుల చుట్టు గీతలు దట్టముగా నల్లుకొనగా, ఒక్క గీతయైన చేరని గుర్తులును కొన్ని మిగులును. ఉపాధ్యాయుని కంటబడని ఆ యేకాకి శిశువును పటమున కెక్కించుటయే ఈ శాస్త్రము చేసిన మహోపకారమని చెప్పవలెను. పసితరగతులలో బాలురు బాలికలను, బాలికలు బాలురను కోరుకొనుట కలదు గాని, నాలుగవ తరగతి నాటికి వారి నడుమ గీతలు దాదాపు అదృశ్యమయ్యెను. మొరీనో పటములు 1933లో పత్రికల కెక్కెను. మరుసటి యేట ఈ పద్ధతినిగూర్చి ఆయన గ్రంథము వెలువడెను.

1982లో కోయీ, డాడ్జ్, కొప్పొటెల్లి అను పరిశోధకులు ఇష్టులతోబాటు అనిష్టుల పేర్లనుగూడ నడిగి, నిరాకృతునికిని ఉపేక్షితునికిని గల భేదమును స్పష్టపరచిరి: మొదటివానిని పలువురు వలదందురు, రెండవవానిని ఎవరును తలపరు. అనిష్టుల పేర్లు వ్రాయించుట పసిహృదయములకు హాని చేయునేమో యను శంక సమంజసమైనదే. అందుచే కొందరు ప్రతి సహపాఠికిని ఇష్టము కొలది అంకె వేయించు పద్ధతి నవలంబింతురు.