లింకను చరిత్రమును తెలుఁగున వ్రాసిన పత్రికారచయిత

నెల్లూరుజిల్లా పడమటిభాగమున నుదయగిరిదుర్గమును చూచినవారికి చరిత్రమన రాజుల జయాపజయములే యని తోఁచుట సహజము. శ్రీకృష్ణదేవరాయలు చిరకాలము ముట్టడించి 1514లో ఈ దుర్గమును గజపతులనుండి గైకొనెను. ఇచ్చటి బాలకృష్ణవిగ్రహమును విజయనగరమునకుఁ గొనిపోయి 1515లో ప్రతిష్ఠింపించెను. రాయల పేరు శాసనములలో నిలిచినది. ఆ విగ్రహమును అంతదూరము మోసినవారి పేర్లు మనకు దక్కలేదు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల మెట్టపొలములలో తరతరములుగఁ జెమటోడ్చినవారికిని ఇదే గతి పట్టినది.

సామాన్యుని జీవితమును చరిత్రమే యని తెలుఁగువారికిఁ దెలిపిన తొలిగ్రంథములలో నొకటి మనదేశమునుగూర్చినది కాకపోవుట విశేషము. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును వారి మిత్రులును హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. 1907లో ఆ మండలి ప్రథమగ్రంథముగా వెలువడినది అమెరికాదేశాధ్యక్షుఁడైన అబ్రహాము లింకను చరిత్రము. దానిని రచించినవారు 1883లో కర్నూలున జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు.

ఇట్టి విషయమునే యేల గైకొనవలెను? లింకను 1809లో కెంటకీరాష్ట్రమున నొక కొయ్యదుంగల గుడిసెలో పుట్టెను. అతఁడు బడికిఁ బోయిన దినములన్నియుఁ గూర్చినను ఒక సంవత్సరము కాదు. ఎరువుతెచ్చుకొన్న పుస్తకములు చదివి న్యాయవాది యయ్యెను. 1860లో అధ్యక్షుఁడుగా నెన్నుకొనఁబడెను. పుట్టుకనుబట్టియే మనుష్యుని విలువ గట్టు సంఘమున నిట్టి జీవితమును తేటతెలుఁగున చదువుట చిన్నవిషయము కాదు.

అప్పుడా దేశమున నలువదిలక్షల నల్లజాతివారు బానిసలై యుండిరి. 1861 మొదలు 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధములో ఆఱులక్షలకుఁ దక్కువకాని జనులు మడిసిరి. 1863 జనవరి 1వ తేదీని లింకను విమోచనప్రకటన గావించెను. అయితే అది తిరుగుబాటు చేసిన ప్రాంతములకే వర్తించెను. దేశమంతటను బానిసత్వము తొలఁగుట 1865 డిసెంబరునఁ గాని జరుగలేదు. ఈ విమోచనము ఒక్క మహాపురుషుని దానముకూడఁ గాదు. తాము బానిసత్వమునుండి తప్పించుకొని వచ్చి, వ్రాసి, పలికి, లోకము కన్నులు దెఱిపించిన ఫ్రెడరిక్ డగ్లసు వంటివారును, సైన్యములోఁ జేరి పోరాడిన వేలకొలఁది నల్లజాతివారును అందులో భాగస్వాములు. నేఁడు లింకనును చదువువారు వీరినిఁగూడ చదువవలెను.

హరిసర్వోత్తమరావుగారు గ్రంథముతో నాఁగలేదు. 1908లో బెజవాడనుండి వెలువడిన ‘స్వరాజ్య’ పత్రికకు సంపాదకులై, తిరునల్వేలి కాల్పులనుగూర్చి తీవ్రముగ వ్రాసినందులకు రాజద్రోహనేరముపై మూఁడేండ్ల కారాగారశిక్ష ననుభవించిరి. విడుదలయైన పిమ్మట ఆంధ్రపత్రికలోఁ బనిచేసిరి. గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును జీవితమును ధారవోసి 1960లో దివంగతులైరి. ఈ పనులన్నింటికి నొకటే మూలమని మా తలంపు. పుస్తకము వ్రాసినంతమాత్రమున విజ్ఞానము వ్యాపింపదు. అది యుండుటకు గ్రంథాలయము, చదువుటకు అక్షరము, చదివినది నోరార పలుకుటకు స్వేచ్ఛ కావలెను. ఒకదానికై చెఱసాలకుఁ బోయి, తక్కిన రెంటికై యూరూరఁ దిరిగిన రచయిత వారు.

ఇఁక చదువరులను మేమొక్క ప్రశ్న యడుగుదుము. సముద్రములకావలి బానిస దుఃఖమును చదివి కన్నీరు విడుచుట సులభము. ఆ పుస్తకమును మూసిన చేతితోనే పెరటివాకిట నిలిచిన పనివానికి వేఱుగ నుంచిన గ్లాసులో నీళ్లు పోయువారు దాని నెంతవఱకు చదివినట్లు? అస్పృశ్యతను 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము నిషేధించినది. అమెరికాలో శాసనము మాఱిన పిదపఁగూడ నూఱేండ్లు వేఱుబళ్లు, వేఱుబండ్లు నిలిచిన విధముననే, ఇచ్చటను శాసనము గడపదాఁటి యింటిలోనికి రాలేదు. గడపలోపలి పని గృహస్థునిదే, గృహిణిదే.

పరదేశచరిత్రము అద్దమువంటిది. అందులో పరుల ముఖమునే చూచువాఁడు కాలము గడుపుకొనును. తన ముఖమును చూచుకొన్నవాఁడు దిద్దుకొనును. ఆత్మకూరున నొక యిల్లాలు ఇట్టి పుస్తకమును గట్టిగఁ జదువుచుండఁగా, ఆ యింటి పనివారు కూడ నదే చాపపైఁ గూర్చుండి వినఁగల్గిననాఁడు హరిసర్వోత్తమరావుగారి శ్రమ ఫలించినదని చెప్పవచ్చును.