బెల్లం, చక్కెర, మన పిల్లల పండ్లు



సంక్రాంతి వచ్చిందంటే మన నాందేడ్ జిల్లాలో ఒకే గల్లీలో రెండు రకాల పిండివంటలు కనబడతాయి. తెలుగువారి ఇండ్లలో సకినాలు, నువ్వుల ముద్దలు. మరాఠీవారి ఇండ్లలో తిళ్‌గూళ్. "తిళ్‌గూళ్ ఘ్యా, గోడ్ బోలా" అంటూ పిల్లలు ఇల్లిల్లూ తిరిగి, తిన్నది చాలక జేబులు కూడా నింపుకొస్తారు. పాకం పట్టిన ముద్ద దవడ పండ్ల సందుల్లో కూర్చుంటే సాయంత్రం దాకా లేవదు. ఈ జిగురు వెనుక మన ప్రాంతపు చరిత్ర కొంత ఉంది. ఈ రోజు అది చెప్పుకుందాం.

పండ్లు తోముకోవడం మనకు కొత్త కాదు. సుశ్రుత సంహిత పన్నెండు అంగుళాల పుల్ల తీసుకొమ్మని, వేప, చండ్ర, కానుగ వంటి చెట్లను పేర్కొంటుంది. మన పల్లెల్లో దాన్నే పండ్లపుల్ల అన్నాం, మరాఠీలో దాతవణ్ అన్నారు. పుల్ల దొరకనివారు బూడిద, ఉప్పు, బొగ్గుపొడి వాడారు. మరాఠీవారి రాఖుండి అన్న మాటలోనే రాఖ్, అంటే బూడిద, ఉంది. తరువాత బొంబాయి నుంచి కోతిమార్కు నల్ల పండ్లపొడి వచ్చింది. పొగాకు కాల్చి చేసే మిశ్రీ మాత్రం పండ్లపొడి కాదు, అది వ్యసనం. దాన్ని పిల్లల కంటికి కూడా కనబడనీయకండి.

పూర్వం అందరి పండ్లూ ముత్యాలే అని నేననను. కాకపోతే రోజూ తినేది జొన్నరొట్టె, పప్పు. తీపి పండుగకో, పెండ్లికో. పొద్దున ఒకసారి పుల్ల నమిలితే చాలావరకు గడిచిపోయింది.

1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. కాలువ నీళ్లతో నిజామాబాదు జిల్లాలో చెరకు పెరిగింది. 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. అప్పుడు నాందేడ్, నిజామాబాదు రెండూ ఒకే హైదరాబాదు సంస్థానంలోవి. బిలోలి, దెగ్లూరు వైపువారికి మంజీర అవతలి ఒడ్డే బోధన్. ఆసియాలోనే పెద్ద కర్మాగారాల్లో ఒకటని పేరు తెచ్చుకున్న ఆ మిల్లు 2015 డిసెంబరులో మూతబడింది. ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టిన ఫ్యాక్టరీ అది, దాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. ఆ కాలంలోనే బొంబాయిలో పార్లే 1929లో మొదలై మిఠాయి బిళ్లలు చేసింది. నాసిక్ జిల్లా రావల్‌గావ్ నుంచి 1940లలో చాక్లెట్లు వచ్చాయి. పండుగ తీపి కాస్తా కిరాణా దుకాణపు గాజుసీసాలోకి, అక్కడి నుంచి బడి గేటు దగ్గరికి వచ్చేసింది.

రోజూ తింటే ఏమవుతుందో తేల్చింది స్వీడన్ దేశం. తేల్చిన తీరు మాత్రం ఘోరం. లుండ్ పట్టణంలోని విపెహోల్మ్ ఆస్పత్రిలో 1940లలో, బుద్ధి ఎదగని రోగులకు, వాళ్ల అంగీకారం లేకుండానే, పండ్లకు అంటుకుపోయేలా ప్రత్యేకంగా చేసిన టాఫీలు తినిపించారు. కొందరికైతే రోజుకు ఇరవై నాలుగు. భోజనంతో పాటు తీపి తీసుకున్నవారికి పెద్దగా నష్టం కాలేదు. భోజనాల మధ్య జిగురు మిఠాయి తిన్నవారి పండ్లు మాత్రం వరసగా పుచ్చిపోయాయి. 1954లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఎవరి నోటినో పాడుచేసి సంపాదించిన జ్ఞానం ఇది. ఇక మనం దాన్ని వాడుకోకపోతే వాళ్లు పడ్డ బాధ రెండింతలు వృథా.

కారణం ఇదీ. నోట్లోని సూక్ష్మజీవులు తీపిని కొద్ది నిమిషాల్లోనే ఆమ్లంగా మారుస్తాయి. ఉమ్మి ఆ పులుపును విరిచేసరికి అరగంట, ఒక్కోసారి గంట. ఈలోపు ఇంకో బిళ్ల వేసుకుంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అందుకని తిళ్‌గూళ్ వద్దనకండి. అన్నంతో పాటే పెట్టండి, తిన్న వెంటనే నీళ్లు పుక్కిలింపజేయండి. పొద్దున తోమితే చాలదు, రాత్రి పడుకునే ముందు తోమడం ముఖ్యం. మూడేండ్ల లోపువారికి ఫ్లోరైడ్ పేస్టు బియ్యపు గింజంత, ఆ తరువాత ఆరేండ్ల దాకా బఠానీ గింజంత. ఏడెనిమిదేండ్లు వచ్చేదాకా పెద్దల చెయ్యి పడాల్సిందే.

ఒక సంగతి తల్లులు ముఖ్యంగా వినాలి. ఆరేండ్ల వయసులో పాలపండ్ల వెనకాల ఒక దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కనుక దాన్నీ పాలపన్నే అనుకుంటాం, "ఎలాగూ ఊడేదేగా" అని వదిలేస్తాం. అది ఊడదు, పోతే మళ్లీ రాదు. దాని పైన లోతైన గీతలుంటాయి. బెల్లం పాకం అక్కడే ఇరుక్కుంటుంది. మీ పిల్లవాడు ఒకటో తరగతికి వచ్చాడంటే వెలుతురులో నోరు తెరిపించి చూడండి.

కిన్వట్ వైపు కొన్ని ఊళ్ల పిల్లల పండ్ల మీద తెల్లని, గోధుమరంగు మచ్చలుంటాయి. అవి మురికి కాదు, బోరునీటిలోని ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చినవి. తోమితే పోవు. ఇటుకపొడితో రుద్దితే పైపొర అరిగిపోతుంది. పిల్లల్ని తిట్టకండి, నీళ్లను పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. మహారాష్ట్రలో పుట్టిన ఆ పద్ధతికి తెలుగు జిల్లా పేరే పెట్టారు, నల్గొండ పద్ధతి అని.