పార్వతీపురపు టెన్నికయు ద్విసభ్య నియోజకవర్గములును

స్వతంత్ర భారతమున జరిగిన మొదటి రెండు లోకసభ యెన్నికలు నేఁటి పద్ధతిని జరిగినవి కావు. 1951-52 నాఁటి యెన్నికలో సభ్యస్థానములు 489. నియోజకవర్గములు 401 మాత్రమే. వీనిలో 86 వర్గము లిద్దఱేసి సభ్యులను, ఉత్తరవంగ మొక్కటి మువ్వురను బంపినవి. 1957 నాఁటికి త్రిసభ్యవర్గము పోయినది గాని ద్విసభ్యవర్గములు 91 కిఁ బెరిగినవి. ఆ రెండెన్నికలలోను ఒక్కొక్క యభ్యర్థికి గుర్తుతోఁ గూడిన పెట్టె వేఱుగా నుండెడిది. వోటరు పత్రముపై నేమియు గుర్తింపక, తనకు నచ్చిన పెట్టెలో దానిని వేయవలెను. ద్విసభ్యవర్గమున వోట్లు రెండు; ఆ రెంటిని ఒక్కనికే యిచ్చుటకు వీలులేదు.

ఇంత చిక్కు పద్ధతి యేల? షెడ్యూల్డు కులములకును తెగలకును రాజ్యాంగము ప్రత్యేకించిన స్థానములను, వోటర్లను జాతులవారిగాఁ జీల్పకయే నింపుటకు. రెండు స్థానములలో నొకటి వారిది, రెండవది సామాన్యము. చిక్కంతయు నీ సామాన్యశబ్దముననే యున్నది. అది యితరులదా, అందఱిదా? సమాధానము శ్రీకాకుళపు మన్యమును గలుపుకొన్న పార్వతీపుర వర్గమునుండి వచ్చెను.

1957 లో నచట నలువురు నిలిచిరి. అందు సత్యనారాయణ దొర, దిప్పల సూరి దొర యను నిరువురు గిరిజనాభ్యర్థులు. తక్కిన యిరువురిలో నొకరు వరాహగిరి వేంకటగిరి. కార్మికనాయకులలో ప్రసిద్ధులు, 1954 వఱకుఁ గేంద్రమున కార్మికమంత్రి. వోట్లు లెక్కింపఁగా సత్యనారాయణ దొరకుఁ బ్రథమస్థానము, సూరి దొరకు ద్వితీయము, గిరిగారికిఁ దృతీయము లభించెను. సూరి దొరకును గిరిగారికిని భేదము వేయి వోట్లలోపు. చట్టప్రకారము మొదట ప్రత్యేకస్థానమునకు గిరిజనులలో నధికముగా వోట్లు వచ్చినవానిని, పిదప మిగిలినవారందఱిలో నధికుని ఎన్నుకొన్నట్లు ప్రకటింపవలెను. అట్లు రెండు స్థానములును గిరిజనులకే దక్కెను.

గిరిగారు వ్యాజ్యము వేసిరి. సూరి దొర ప్రత్యేకస్థానమునకు నిలిచినవాఁడు గాన సామాన్యస్థానమున కర్హుఁడు గాఁడని యొక వాదము. ఆయన వంశము క్షత్రియత్వము నొందినది గాన గిరిజనుఁడే గాఁడని మఱియొకటి. 1959 లో సుప్రీముకోర్టు, ఒక న్యాయమూర్తి భిన్నాభిప్రాయమున నుండఁగా, రెంటిని త్రోసివేసెను. ఈ తీర్పు సమంజసమని నా తలంపు. ప్రత్యేకింపు తక్కువ కానీయని హామీయే గాని దాఁటరాని యెల్ల గాదు. (గిరిగారికి వోట్లలెక్క యెల్లప్పుడును బ్రతికూలము గాలేదు. 1969 లో రాష్ట్రపతి పదవి వారికి ద్వితీయ ప్రాధాన్యపు వోట్లు లెక్కించిన పిదపనే లభించెను.)

1961 లో పార్లమెంటు ద్విసభ్యవర్గములను రద్దుచేసెను. దీనికిఁ బార్వతీపురమే కారణమనుట సాహసము. వర్గముల విస్తీర్ణము, అభ్యర్థులకగు వ్యయము గూడ నాఁడు చర్చకు వచ్చినవి. ఒక్కొక్క వర్గమును రెండుగాఁ జీల్చి, షెడ్యూల్డు జనసంఖ్య హెచ్చుగా నున్న భాగమును ప్రత్యేకించిరి. 1962 లో 494 స్థానములును ఏకసభ్యములే. పెట్టెలు పోయి, అభ్యర్థులందఱ గుర్తులు గల పత్రముపై ముద్రవేయు పద్ధతి వచ్చెను. వోటరునకు సౌలభ్యము గలిగినమాట నిజము. కాని గిరిజనుఁడును గిరిజనేతరుఁడును ఒక్క వర్గమున పోటీపడి, యిరువురిలో నెవ్వరైనను సామాన్యస్థానమును గెలువఁగలిగిన యా యవకాశ మచట నశించెను. ప్రత్యేకింపఁబడిన పార్వతీపురమున నితరులు నిలువరాదు. చీలిపోయిన భాగమునందలి గిరిజనులకుఁ దమదను స్థానము లేదు. 2008 నాఁటి పునర్విభజనమున నా వర్గము పేరు మాసి, మన్యప్రాంతము అరకు వర్గమునఁ జేరినది.